ఒక్క మార్కు కాదు, మార్కుల సమితి: బాపట్ల వరి నుంచి ఒక లెక్కల పాఠం



పోయిన నెల తెనాలి బ్రాంచిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒక తండ్రి నా దగ్గర ఆగారు. రేపల్లె వైపు రైతు. కూతురు మన దగ్గరే ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. "మాస్టారూ, అవకలనం అవకలనం అంటూ రాత్రి పదకొండింటిదాకా కూర్చుంటోందండీ. పరీక్ష అయిపోయాక దీంతో ఏం పని ఉంటుంది?" అని అడిగారు. వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. "ఇంజనీరింగులో పనికొస్తుందండీ" అని తప్పించుకున్నాను.

అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ నెల ఈ పేజీ నాకిచ్చారు కాబట్టి అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం లెక్క ఉంటుంది, భయపడకండి. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. మధ్యలో ప్రోగ్రెస్ కార్డు చదివే పద్ధతి గురించి మిమ్మల్ని ఒక మాట అడుగుతాను.

బస్తా మీద ఉన్న ఊరు

ముందు మీ ఇంట్లో బియ్యం బస్తా చూడండి. దాని మీద బీపీటీ అని ఉంటే ఆ మూడక్షరాలూ మన బాపట్లవే. పిల్లల్ని అడిగి చూడండి, చాలామందికి తెలియదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. అక్కడి వరి పరిశోధన నుంచి వచ్చిన బీపీటీ 5204 అనే రకాన్ని 1986లో విడుదల చేశారు. దానికి పెట్టిన పేరు సాంబ మసూరి. పేరులోనే దాని వంశం ఉంది. కిచ్చిలి సాంబ అని పిలిచే జీఈబీ 24 రకాన్ని సన్న గింజ కోసం తీసుకున్నారు. పైరు పొట్టిగా ఉండి బాగా పండడానికి తైవాన్ రకం తైచుంగ్ నేటివ్ 1 తీసుకున్నారు. ఈ రెంటినీ కలిపి, వచ్చినదాన్ని మలేసియా నుంచి మనకొచ్చిన మసూరితో మళ్ళీ కలిపారు.

కొత్త వంగడం తయారుచేసేవాళ్ళకి ఏం కావాలో ఆలోచించండి. గింజ సన్నగా ఉండాలి. అన్నం బాగుండాలి. దిగుబడి రావాలి. పైరు పడిపోకూడదు. తెగులు తట్టుకోవాలి. పంట త్వరగా చేతికి రావాలి. ఇవన్నీ ఒక్క మొక్కలో ఎప్పుడూ దొరకవు. సాంబ మసూరి గింజలోనూ అన్నంలోనూ గెలిచింది. అందుకే ఇప్పటికీ మన వంటింట్లో ఉంది. కానీ దాని పంటకాలం దాదాపు 145 నుంచి 150 రోజులు. అగ్గి తెగులు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు, సుడిదోమ, వీటికి అది తేలిగ్గా లొంగిపోతుంది.

పంటకాలం ఎక్కువైతే ఏమవుతుందో డెల్టా రైతులకి నేను చెప్పక్కర్లేదు. కోత నవంబరు చివరికీ డిసెంబరుకీ పడుతుంది. అది తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి మన చుట్టుపక్కల వరి కొంత కోతకొచ్చి నిలబడి ఉంది, కొంత పనల మీద ఉంది.

కాబట్టి "ఈ రకం ఎకరానికి ఎన్ని బస్తాలు?" అని అడిగితే ఒక్క అంకె చెప్పలేం. మంచి ఏడు ఇన్ని, మామూలు ఏడు ఇన్ని, తుపాను ఏడు ఇన్ని అని కొన్ని అంకెలు కలిపి చెప్పాలి. ఇలాంటి గుంపుని లెక్కల్లో సమితి అంటారు. లెక్కల పాఠాల్లో చదివే సమితులే ఇవి. తీసుకునేది ఒక నిర్ణయం, దానికొచ్చే ఫలితం ఒక సమితి. అలాంటి నిర్ణయాల్లో మెరుగైనది ఎలా వెతకాలి అన్నదే సమితి విలువల ఆప్టిమైజేషన్. ఇప్పుడు ప్రపంచంలో కొన్ని విశ్వవిద్యాలయాల్లో దీని మీద గట్టిగా పనిచేస్తున్నారు.

రెండు గుంపుల్ని పోల్చడం

మూడు వరి రకాలు అనుకుందాం. అంకెలు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, ఏ నిజమైన రకానివీ కావు. ఎకరానికి బస్తాల్లో:

మొదటి రకం: 40, 32, 12.
రెండో రకం: 31, 28, 22.
మూడో రకం: 29, 27, 20.

మూడో రకాన్ని వెంటనే పక్కన పెట్టొచ్చు. దానికొచ్చే ఏ ఫలితం తీసుకున్నా అంతకంటే మంచిది రెండో రకంలో ఉంది. రెండో రకానికొచ్చే ఏ ఫలితం తీసుకున్నా అంతకంటే తక్కువది మూడోదాంట్లో ఉంది. ఇందులో ఎవరితోనూ వాదన అక్కర్లేదు.

మొదటిదీ రెండోదీ పోల్చేటప్పుడే చిక్కు. సగటు తీస్తే మొదటిది 28, రెండోది 27. సగటు ప్రకారం మొదటిదే గొప్ప. కానీ మీరు ఎకరానికి 15 బస్తాల కౌలు కట్టాల్సిన రైతు అనుకోండి. 12 బస్తాలొచ్చిన ఏడు మీ గతేమిటి? చేతి నుంచి మూడు బస్తాలు పెట్టుకోవాలి, పెట్టుబడి సంగతి సరేసరి. మీరు రెండో రకమే వేస్తారు. సొంత పొలం, బ్యాంకులో నాలుగు డబ్బులు ఉన్న ఆసామి మొదటిది వేస్తాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే.

సమితుల్ని పోల్చడానికి ఒక్క పద్ధతి చాలదని గణితవేత్తలు చెప్పేది ఇందుకే. ఒక పద్ధతిలో పై అంచు చూస్తారు: "అవతలి గుంపులో ఏది తీసినా దానికి దీటైనదో మెరుగైనదో ఇవతల ఉందా?" మన లెక్కలో 40 ముందు 31 నిలవదు, మొదటి రకం గెలుస్తుంది. ఇంకో పద్ధతిలో కింది అంచు చూస్తారు: "ఇవతలి గుంపులో ఏది తీసినా దాన్ని మించనిది అవతల ఒకటైనా ఉందా?" ఇక్కడ 12 కంటే 22 పైన ఉంది కాబట్టి రెండో రకం గెలుస్తుంది. జపాన్ గణితవేత్త దైషి కురోయివా 1990లలో ఇలాంటి వరుసల్ని విస్తృతంగా పరిశీలించారు. ఏ అంచు చూడాలన్నది లెక్క చెప్పదు. కౌలు కాగితం చెబుతుంది, పెళ్ళికెదిగిన కూతురు చెబుతుంది, మీ పరిస్థితి చెబుతుంది.

ఇప్పుడు ప్రోగ్రెస్ కార్డు దగ్గరికి వద్దాం. ఒక పిల్లవాడికి నాలుగు టెస్టుల్లో 92, 58, 85, 61. ఇంకొకడికి 75, 72, 74, 71. మొదటివాడి సగటు 74, రెండోవాడిది 73. మేం మీకు పంపే మెసేజ్‌లో మొదటివాడు ముందుంటాడు. అందరినీ ఒక వరసలో పెట్టాలంటే ఒక్కో పిల్లవాడికి ఒక్క అంకె కావాలి, అందుకని అలా పంపుతాం. అందులో మా సౌకర్యం కూడా ఉందని ఒప్పుకుంటాను. కానీ ఈ ఇద్దరు పిల్లలూ ఒక్క మార్కు తేడా ఉన్న పిల్లలు కానే కారు. మొదటివాడికి ఏదో అధ్యాయం అసలు అంటలేదు, లేదా రెండు వారాలు ఒంట్లో బాగాలేదు. రెండోవాడికి అన్నీ వచ్చు, చివరి కష్టమైన లెక్కల దగ్గర ఆగిపోతున్నాడు. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరికీ తప్పు సలహా ఇచ్చినట్టే.

ఏ అంచు చూడాలో ఒక్కోసారి పరీక్షే చెప్పేస్తుంది. జేఈఈ మెయిన్ రెండు సెషన్లలో పెడుతున్నారు. రెండూ రాస్తే మెరుగైన స్కోరే ర్యాంకుకి లెక్క. అంటే అక్కడ పై అంచు నియమం. 92 వచ్చే పిల్లవాడికి, వాడికి 58 కూడా వస్తుందని తెలిసినా, అక్కడ కొంచెం ఆశ ఉంది. ఈఏపీసెట్‌లో ఆ ఏడాదికి ఒక్కసారే. అక్కడ కింది అంచు చూసుకోవాలి. ఒకే పిల్లవాడు, అవే మార్కులు, పరీక్షని బట్టి మనం చూడాల్సిన చోటు మారిపోతుంది.

వాలు చూసి అడుగు వేయడం

పోల్చడం అయింది. ఇక మెరుగుపరచడం ఎలా? మన రైతుగారి అమ్మాయి రాత్రి పదకొండింటిదాకా చేస్తున్న అవకలనం పనికొచ్చేది ఇక్కడే.

ఆ అమ్మాయి వారానికి లెక్కల మీద ఇప్పుడు పెడుతున్న గంటల్ని అలాగే ఉంచి, ఎన్ని గంటలు కలపాలో చూద్దాం. కలిపేదాన్ని "మార్పు" అందాం. ఇప్పుడు మార్పు 0. మార్కుల ఒక్కదాని కోసమే చూస్తే 6 గంటలు కలపడం మంచిది అనుకుందాం. 6కి ఎంత దూరంలో ఉంటే అంత లోటు. లోటుని (మార్పు − 6)² అని రాద్దాం. ఇప్పుడు లోటు 36.

6 అని మనకి ముందే తెలుసు కాబట్టి తేలిగ్గా ఉంది. నిజ జీవితంలో అది తెలియదు. కళ్ళకి గంతలు కట్టుకుని గుంటలోకి దిగుతున్నట్టు ఉంటుంది. కాలి కింద నేల ఎటు వాలి ఉందో మాత్రమే తెలుస్తుంది. ఆ వాలునే అవకలజం అంటారు. ఇక్కడ అది 2 × (మార్పు − 6). వాలు ఎటు కిందికి ఉందో అటు ఒక అడుగు, మళ్ళీ వాలు చూడడం, మళ్ళీ ఒక అడుగు. ఈ పద్ధతిని ఫ్రాన్స్‌కి చెందిన కోషీ 1847లో రాశాడు. ఇవాళ మీరంతా నన్ను అడుగుతున్న ఏఐ కోర్సుల లోపల జరిగేది కూడా ప్రధానంగా ఇదే. కాకపోతే అక్కడ ఒక్క మార్పు బదులు కోట్ల సంఖ్యలో ఉంటాయి.

అడుగు పావు వంతు పెట్టి చూద్దాం. 0 దగ్గర వాలు −12, అందులో పావు 3, కాబట్టి 0 నుంచి 3కి వస్తాం. 3 దగ్గర వాలు −6, పావు 1.5, కాబట్టి 4.5. తర్వాత 5.25. తర్వాత 5.625. ప్రతిసారీ మిగిలిన దూరం సగమవుతోంది. దీన్ని గుణశ్రేఢి అంటారు.

ఇప్పుడు ఆత్రపడి అడుగు పూర్తిగా, అంటే 1 పెట్టి చూడండి. 0 నుంచి నేరుగా 12కి పోతాం. 12 దగ్గర వాలు +12, కాబట్టి మళ్ళీ 0. మళ్ళీ 12. మళ్ళీ 0. జీవితాంతం అటూ ఇటూ తిరగడమే, 6 ఎప్పటికీ రాదు. అడుగు 1 కంటే ఇంకా పెంచితే ప్రతిసారీ ఇంకా దూరం పోతాం.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకున్నాను గానీ పిల్లల దగ్గర మర్చిపోయాను. కొన్నేళ్ళ క్రితం, వేరే చోట పనిచేస్తున్నప్పుడు, పదో తరగతి పిల్లవాడు ఒకడు లెక్కల టెస్టులో బాగా తప్పాడు. వాళ్ళమ్మగారిని పిలిపించి టైంటేబుల్ మొత్తం మార్పించాను. ఆటలు బంద్, పొద్దున్నే గంటన్నర లెక్కలు, సాయంత్రం మళ్ళీ లెక్కలు. తర్వాతి టెస్టులో లెక్కలు పెరిగాయి, సోషల్, హిందీ పడిపోయాయి. ఆవిడ కంగారుపడి అంతా వెనక్కి తిప్పేశారు. లెక్కలు మళ్ళీ పడ్డాయి. 0, 12, 0. వాడు రోజూ పొద్దున ఆరుంబావుకే బస్సు ఎక్కేవాడని నాకు డిసెంబరులో గానీ తెలియలేదు. ఆ గంటన్నర నేను వాడి నిద్రలోంచి తీసుకున్నాను.

దగ్గరగా ఉండమనే లెక్క

నేను వదిలేసింది ఖర్చు. ఏ గంట మార్చినా ఇంట్లో ఒకచోట ఖర్చు పడుతుంది: నిద్ర, ఇంకో సబ్జెక్టు, నాన్నమ్మతో కూర్చునే సమయం, మీ ఓపిక. పెంచినా ఖర్చే, అలవాటైనదాన్ని తగ్గించినా ఖర్చే. గంటకి 4 చొప్పున ఖర్చు అనుకుందాం. ఈ ఖర్చుకి గ్రాఫ్ గీస్తే ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది. 0 దగ్గర సూదిగా మొన తేలుతుంది. ఆ మొన దగ్గర అవకలజం ఉండదు. పిల్లలు "0 వద్ద అవకలనీయం కాదు" అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. తెచ్చుకుని మర్చిపోతారు. ఆ రెండు మార్కుల వాక్యం వెనక పెద్ద కథ ఉందని మేం వాళ్ళకి చెప్పం.

లోటు, ఖర్చు రెండూ కలిపి తగ్గించాలి. మొన దగ్గర వాలు లేదు కాబట్టి కోషీ పద్ధతి నేరుగా పనిచేయదు. ఫ్రాన్స్‌కే చెందిన జాన్ జాక్ మోరో 1962లో ఒక ఉపాయం చెప్పాడు. దాని సాయంతో అడుగుని రెండుగా విడగొట్టుకోవచ్చు. ముందు ఖర్చు సంగతి మర్చిపోయి వాలు చూసి అడుగు వేయండి. తర్వాత, చేరిన ఆ చోటికి దగ్గరగానే ఉంటూ ఖర్చు తగ్గే చోటికి కొంచెం వెనక్కి జరగండి. ఈ రెండోదాన్ని ప్రాక్సిమల్ అంటారు, దగ్గర అని అర్థం. రెండూ కలిపితే ప్రాక్సిమల్ గ్రేడియంట్. మన లెక్కలో ఆ వెనక్కి జరగడం ఎంతంటే పావు అడుగు ఇంటూ 4, అంటే సరిగ్గా 1 గంట, 0 వైపుకి. 0కి గంటలోపు దూరంలోనే ఉంటే నేరుగా 0కి వచ్చేయాలి.

చేసి చూద్దాం. 0 నుంచి వాలు అడుగు 3కి, వెనక్కి 2కి. 2 నుంచి 4కి, వెనక్కి 3కి. 3 నుంచి 4.5కి, వెనక్కి 3.5కి. తర్వాత 3.75. ఇలా 4 దగ్గర కుదురుకుంటుంది. సరిచూసుకోండి: 6 దగ్గర లోటు 0, ఖర్చు 24. 4 దగ్గర లోటు 4, ఖర్చు 16, మొత్తం 20. ఏమీ మార్చకపోతే 36. మార్కులకి మాత్రమే చూస్తే 6 మంచిది. ఇల్లు కూడా చూస్తే 4 మంచిది.

ఇంకో సబ్జెక్టు చూద్దాం. ఫిజిక్స్‌కి మార్కుల కోసం 1.5 గంటలు కలిపితే మంచిది, ఖర్చు అదే 4 అనుకోండి. 0 దగ్గర వాలు −3, పావు 0.75. 0.75కి వెళ్ళాం. ఒక గంట వెనక్కి రావాలి, గంటలోపే ఉన్నాం కాబట్టి 0కి వచ్చేశాం. ఎన్నిసార్లు చేసినా 0. ఫిజిక్స్ జోలికి పోవద్దు, ఉన్నట్టే ఉంచండి అని లెక్క చెబుతోంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. కొద్దికొద్దిగా అన్నిటినీ కెలకదు. మార్చాల్సినదాన్నే మారుస్తుంది, మిగతావాటిని సరిగ్గా 0 దగ్గర వదిలేస్తుంది. ఆ మొన చేసే పని అది. ఎంఆర్ఐ స్కానింగులో తక్కువ కొలతలతోనే బొమ్మ రాబట్టే పద్ధతుల్లో ఇదే ఉపాయం వాడతారు. 2009లో బెక్, టెబూల్ అనే ఇద్దరు దీన్ని ఇంకా చాలా వేగంగా నడిచేలా చేశారు.

మళ్ళీ బాపట్ల వరి దగ్గరికి

సాంబ మసూరిని బ్యాక్టీరియా ఎండాకు తెగులు పట్టి పీడించేదని చెప్పాను కదా. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం (ఇప్పుడు దాన్ని భారత వరి పరిశోధన సంస్థ అంటున్నారు) కలిసి దీనికి పరిష్కారం వెతికాయి. తెగులు తట్టుకునే మూడు జన్యువులు, ఎక్స్ఏ 21, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5, ఉన్న ఒక రకం దొరికింది. వీటిలో ఎక్స్ఏ 21 మొదట ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది.

ఆ రకాన్ని సాంబ మసూరితో ఒక్కసారి కలిపి వదిలేస్తే పిల్ల మొక్కలో సగమే సాంబ మసూరి ఉంటుంది. తెగులు పోవచ్చు, దాంతోపాటు సన్న గింజా పోవచ్చు. ఆ బియ్యం మీరూ నేనూ కొనం. అందుకని పిల్ల మొక్కని మళ్ళీ సాంబ మసూరితోనే కలిపారు. దాని పిల్లని మళ్ళీ సాంబ మసూరితోనే. అలా నాలుగుసార్లు వెనక్కి. సగటున సాంబ మసూరి వాటా 50 శాతం నుంచి 75, 87.5, 93.75, 96.875 అవుతుంది. పరాయి వాటా ప్రతిసారీ సగమవుతుంది. పైన వాలు లెక్కలో చూసిన గుణశ్రేఢే.

ఊరికే కలుపుకుంటూ పోతే ఆ మూడు జన్యువులూ కూడా జారిపోతాయి. అందుకని ప్రతి తరంలో రెండు పరీక్షలు పెట్టారు. మొదటిది: ఆ మూడు జన్యువులూ ఉన్న మొక్కలు ఏవి? రెండోది: వాటిలో మిగతా అంతా సాంబ మసూరికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఏది? డీఎన్ఏ గుర్తుల సాయంతో ఈ రెండూ చూసి ఎంచుకున్నారు. కావలసిన వైపు ఒక అడుగు, తర్వాత అసలుదానికి దగ్గరగా జరగడం. వాళ్ళు కంప్యూటర్లో ప్రాక్సిమల్ గ్రేడియంట్ నడిపారని నేను అనడం లేదు. ఆలోచన పోలిక చూడమంటున్నాను. అలా వచ్చిన మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేశారు. ఎండాకు తెగులు తట్టుకుంటుంది, అన్నం మాత్రం పాత సాంబ మసూరిదే.

గుంపు మొత్తాన్ని ఒకేసారి కదపడం

సమితులనీ, ఈ రెండు భాగాల అడుగునీ కలిపితే ఏమవుతుంది? ఇది నిజంగా కొత్త పని. 2021లో హవానా విశ్వవిద్యాలయానికి చెందిన బౌజా, జర్మనీలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ కింటానా, క్రిస్టియానే టామర్ కలిసి, ఒక్కో నిర్ణయానికి కొన్ని ఫలితాలున్న సమితి వచ్చే సందర్భంలో వాలు పద్ధతి ఎలా నడపాలో చూపించారు. ఖర్చులో మొనలుంటే ప్రాక్సిమల్ అడుగు కలపడం దానికి తర్వాతి మెట్టు.

పద్ధతి సారం మామూలు మాటల్లో ఇది. మీ నిర్ణయానికొచ్చే ఫలితాలన్నీ ముందు పరుచుకోండి. వాటిలో అంచున ఉన్నవాటిని, అంటే ఆ గుంపులో ఇంకేదీ ఓడించలేనివాటిని, మాత్రమే ఉంచుకోండి. ఇప్పుడు ఆ అంచు ఫలితాలు అన్నీ ఒకేసారి మెరుగయ్యే దిక్కు ఏదైనా ఉందా అని వెతకండి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గే దిక్కు పనికిరాదు. ఉంటే అటు చిన్న అడుగు వేసి, ఖర్చు చూసుకుని దగ్గరికి జరగండి. కొత్త చోట గుంపు మారిపోతుంది, అంచు మారిపోతుంది. కాబట్టి మళ్ళీ మొదటి నుంచి చూడాలి. ఒక అడుగు ముందు వేసుకున్న అంచు జాబితా తర్వాతి అడుగుకి పనికిరాకపోవచ్చు. ఒక్క అంకె లెక్కకీ దీనికీ పెద్ద తేడా అక్కడే.

అలాంటి దిక్కు దొరకకపోతే ఆగాలి. ఆగిన చోటు లోకంలో అన్నిటికంటే గొప్పది అని కాదు. ఇక్కడి నుంచి దేన్నీ చెడగొట్టకుండా చిన్న అడుగుతో అన్నిటినీ మెరుగుపరచలేం అని మాత్రమే అర్థం. మించి ముందుకి పోవాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలో మళ్ళీ మీరే చెప్పాలి.

టెస్టు మార్కులు రాగానే సెక్షన్ మార్చమనీ, హాస్టల్లో వేయమనీ, ఉన్న ట్యూషన్ మాన్పించి కొత్తది పెట్టించమనీ మీలో చాలామంది మమ్మల్ని అడుగుతారు. ఒక్కోసారి అది అవసరమే. అడిగే ముందు కనీసం నాలుగు టెస్టుల మార్కులు సగటు తీయకుండా విడివిడిగా ఒక కాగితం మీద రాసి తెండి. సబ్జెక్టువారీగా ఉంటే ఇంకా మంచిది. పిల్లలు బడికి బయల్దేరే టైము, రాత్రి పడుకునే టైము కూడా పక్కనే రాయండి. నేను ఆ పిల్లవాడి విషయంలో అడగకుండా వదిలేసిన రెండు అంకెలు అవి. బాపట్ల, రేపల్లె బ్రాంచిల లెక్కల మాస్టార్లకి కూడా ఈ మాట చెప్పాను. వచ్చే మీటింగులో వాళ్ళూ మీ కాగితం అడుగుతారు.

రేపల్లె రైతుగారికి: మీ అమ్మాయి రాత్రి పదకొండింటిదాకా చేస్తున్నది ఈ వాలు లెక్కలోని మొదటి మెట్టు. పదకొండుని పదింటికి తీసుకురావచ్చేమో కాగితం చూసి చెబుతాను.

ఆ అమ్మాయికీ, మిగతా ఇంటర్ పిల్లలకీ ఒక చిన్న లెక్క. పై లెక్కలో లోటు అదే, (మార్పు − 6)², అడుగు అదే పావు. కానీ ఇంట్లో ఒంట్లో బాగాలేనివాళ్ళున్నారు, గంటకి ఖర్చు 4 బదులు 12. ఎన్ని గంటలు కలపాలి? మొదటి అడుగు 3కి వెళుతుంది. ఎంత వెనక్కి రావాలో, ఎక్కడ ఆగుతుందో వాళ్ళనే చేసి మీకు చూపించమనండి.